తీగకు పందిరి

ఖరగ్‌పూరు రైలుస్టేషను నుండి హిజిలీ వైపు పోయేవారికి పూరీ గేట్ చిరపరిచితమైన చోటు. దక్షిణానికి పోయే రైలుదారి దాని పేరులోనే ఉన్నది. ఆ దారి ఒడిశా తీరం వెంబడి సాగి తెలుగుదేశాన్ని చేరుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 20వ శతాబ్ది ఆరంభంలో ఇక్కడ కర్మాగారాన్ని నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఈ దారినే వచ్చి కార్మికులుగా, గుమాస్తాలుగా ఈ ఊరిలో స్థిరపడినారు. మనుషుల వెనుక సరకులు వచ్చినవి. కొల్లేటి చుట్టుపట్ల చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు మంచుగడ్డల నడుమ వంగదేశపు బజారులకు చేరుతూ వచ్చినవి. బజారులో కత్తిపీట ముందు కూర్చున్నవాడు చేపను కోయుటకు ముందు పొలుసు గీకి పారవేస్తాడు. పులుసుకు గాని వేపుడుకు గాని పొలుసుతో పనిలేదు.

పూరీ గేట్‌కు ఆవలనున్న హిజిలీలో బ్రిటిషు ప్రభుత్వం రాజకీయ ఖైదీల కొరకు ఒక నిర్బంధ శిబిరాన్ని నడిపినది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన ఖైదీలపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించినారు. స్వాతంత్ర్యానంతరం 1951లో ఆ శిబిర భవనంలోనే దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆరంభమైనది. అర్ధశతాబ్ది గడచిన పిదప, 2001లో, ఆ విద్యాసంస్థ వైద్యవిజ్ఞాన, సాంకేతిక శాస్త్రాల కొరకు ప్రత్యేకమైన ఒక విభాగాన్ని తెరచినది. ఇంజనీర్లు, వైద్యులు కలిసి పనిచేయుట దాని ఉద్దేశం. అచ్చట విచారణకు వచ్చిన వస్తువులలో, బజారులో గీకి పారవేసే ఆ చేపపొలుసు కూడ ఒకటి. పొలుసుకు, మనుష్యుని గాయానికి ఏమి సంబంధమని అడిగినచో, దానికి సమాధానం చాలా పాత కాలం నుండి చెప్పుకొని రావలెను.

దేహంలో చీలినదానిని కలుపుట, పోయినదానిని పూరించుట అనే రెండు పనులను మన ప్రాచీన శస్త్రవైద్యులు వేరువేరుగా గుర్తించినారు. కలుపుటకు సుశ్రుత సంహిత అనేక విధములైన దారాలను చెప్పినది. చెట్టు నార, జనుము, అవిసె నూలు, స్నాయువు, వెంట్రుక అందులో ఉన్నవి. చిరిగిన ప్రేగును కలుపుటకు పెద్ద నల్లచీమల చేత కరిపించి, తలలు మాత్రం అక్కడ నిలుచునట్లు మొండెములను త్రుంచివేయు పద్ధతి కూడ అందులో కనిపిస్తుంది. కుట్టు నిలువవలెను, దేహం మాత్రం దానిని ద్వేషించకూడదు. ఈ రెండు కోరికల నడుమ రాజీ కుదుర్చుట ఆ నాటి నుండి నేటి వరకు శస్త్రవైద్యుని ఎదుట ఉన్న చిక్కు.

రెండవ పని మరింత కష్టమైనది. తెగిన ముక్కును తిరిగి నిర్మించుటకు రోగి చెక్కిలి నుండియే చర్మమును, దాని మొదలు తెగకుండ, మలచి తెచ్చే విధానాన్ని సంహిత వర్ణించినది. ఈ విద్య గ్రంథాలలో మాత్రమే మిగిలిపోలేదు. 1794లో లండనులోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ అనే పత్రిక కావస్‌జీ అనే వ్యక్తి కథను ప్రచురించినది. ఇంగ్లీషు సేనలో ఎడ్లు తోలే అతడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొన్నాడు. పూనా ప్రాంతంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతనికి నుదుటి చర్మంతో ముక్కును కట్టినాడు. పలుచని మైనపు రేకుతో ముక్కు ఆకారం తీసి, దానిని నుదుటిపై పరచి, ఆ గీత వెంబడి చర్మమును లేపి క్రిందికి త్రిప్పుట ఆ విధానం. ఇది చదివిన జోసఫ్ కార్‌ప్యూ అనే లండను వైద్యుడు 1814లో ఆ శస్త్రచికిత్సను తానే చేసి, 1816లో దానిపై గ్రంథం ప్రకటించినాడు. ఐరోపాలో ఆధునిక పునర్నిర్మాణ శస్త్రచికిత్సకు దారి చూపిన ఘట్టాలలో ఇది ఒకటి.

ఈ విద్యకు ఒక హద్దు ఉన్నది. ఒకచోటి లోటును పూడ్చవలెనన్న మరొకచోట గాయం చేయవలెను. ముక్కు వంటి చిన్న అవయవమునకు నుదురు ఋణమీయగలదు. ఒళ్లంతా కాలినవానికి ఋణమిచ్చు చోటు ఎక్కడ? ఇతరుల చర్మం తెచ్చి అతికింతమన్నచో దేహం దానిని నిలువనీయదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గ్లాస్గో నగరంలో కాలిన రోగులను పరిశీలించి పీటర్ మెదవర్, థామస్ గిబ్సన్ 1943లో ఈ సంగతిని స్పష్టం చేసినారు. పరాయి చర్మాన్ని రెండవసారి అతికించినపుడు దేహం మొదటిసారికంటె త్వరగా త్రోసిపుచ్చినది. దేహానికి జ్ఞాపకమున్నదని దాని అర్థం. ఈ రంగంలోని కృషికే మెదవర్ 1960లో నోబెల్ బహుమతిని ఫ్రాంక్ బర్నెట్‌తో పంచుకొన్నాడు.

తన చర్మం చాలదు, పరాయి చర్మం నిలువదు. ఈ ఇరుకులో నుండి శాస్త్రజ్ఞుల దృష్టి మరొక వైపునకు మళ్లినది. చర్మం కణాల కూడిక మాత్రమే కాదు. కణాల నడుమ, కణాలే నేసుకొన్న ఒక అల్లిక ఉన్నది. ఆ అల్లికలోని ముఖ్యమైన దారం కొల్లాజన్ అనే మాంసకృత్తు. చర్మానికి, స్నాయువుకు, మృదులాస్థికి, కంటి ముందరి పారదర్శక పొరకు బలం దానివలననే కలుగుతున్నది. దాని నిర్మాణ రహస్యం దక్షిణదేశంలోనే విడివడినది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ కర్తా కంగారూ తోక స్నాయువు నుండి తీసిన ఎక్స్‌రే చిత్రాలను పరిశీలించి, 1954, 1955 సంవత్సరాలలో కొల్లాజన్ మూడు పేటల తాడు వంటిదని నిరూపించినారు. మూడు పోగులు ఒకదానినొకటి పెనవేసుకొనిన ఆ ఆకృతి, తరువాత ఇతరులు చేసిన సవరణలతో, నేటికీ నిలిచియున్నది.

మద్రాసులోనే 1948లో నెలకొన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థకు కొల్లాజన్ మరొక విధంగా ఇంటివస్తువు. పచ్చితోలును కుళ్లకుండ నిలుపుట అనగా అందులోని కొల్లాజన్ పోగులను ఒకదానితో ఒకటి గట్టిగా బంధించుట. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఆ సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకులుగా ఉండి, ఊరి చివర దుర్వాసనలో పడియున్న ఒక వృత్తిని శాస్త్రం నడుమకు తెచ్చినారు. తరువాతి కాలంలో ఆ సంస్థలో కొల్లాజన్‌తో గాయాలపై కప్పే పొరలను గురించిన పరిశోధన కూడ సాగినది. చెప్పుకొరకు తోలును మన్నిక చేయు విద్యకు, మానుటకు గాయంపై పరచు పొరను సిద్ధం చేయు విద్యకు ముడిసరకు ఒకటే. అయితే లక్ష్యాలు ఎదురెదురుగా ఉన్నవి. తోలు ఎన్నటికీ కరగకూడదు. గాయంపై పొర, పని పూర్తి అయిన పిదప, కరగిపోవలెను.

ఈ కరగిపోవలెనన్న మాటలోనే కొత్త వైద్యం బీజం ఉన్నది. తీగ పాకవలెనన్న పందిరి వేయవలెను. పందిరి తీగను మొలిపించదు, పూయించదు. అది ఆధారం మాత్రమే. తోటలో పందిరి మిగిలినా బాధ లేదు. దేహంలో మాత్రం అది తీగ పాకే కొలది తొలగుతూ పోవలెను. ముందుగా కరగినచో తీగ కూలుతుంది. ఆలస్యంగా కరగినచో పందిరియే పరాయి వస్తువై వాపునకు, మచ్చకు కారణమౌతుంది. కణాలు లోనికి ప్రవేశించుటకు అందులో తగిన రంధ్రాలుండవలెను. కణాలు పట్టుకొని నిలువగల ఉపరితలం ఉండవలెను.

అమెరికాలో బోస్టన్ నగరంలో ఇంజనీరు యోనిస్ యన్నాస్, శస్త్రవైద్యుడు జాన్ బర్క్ కలిసి ఈ భావాన్ని మొదటగా రోగి పడక వద్దకు తెచ్చినవారిలో ముఖ్యులు. పశువుల కొల్లాజన్‌ను, సొరచేప మృదులాస్థి నుండి తీసిన ఒక చక్కెర పదార్థాన్ని కలిపి, రంధ్రాలతో కూడిన పలుచని పొరను వారు చేసినారు. దాని పైన తేమ పోకుండ సిలికోన్ రేకు ఉన్నది. పెద్దవారిలో లోతుగా కాలిన గాయం మామూలుగా ముడుచుకొనిపోయి మచ్చగా మానుతుంది. ఈ పొర పరచినపుడు రోగి కణాలు లోనికి పాకి, క్రమంగా దానిని కరగించుకొంటూ, తమదైన అల్లికను నేసుకొన్నవి. కొన్ని వారాలకు సిలికోన్ రేకును తీసి, రోగి నుండియే అతిపలుచని చర్మాన్ని పైన పరచినారు. ఈ ఫలితాలు 1981లో వెలువడినవి. 1996లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చినది. ప్రయోగం నుండి అనుమతి వరకు 15 ఏండ్లు పట్టినవి.

అదే నగరంలో హవర్డ్ గ్రీన్ మరొక కొస నుండి వచ్చినాడు. ఆయన జేమ్స్ రైన్‌వాల్డ్‌తో కలిసి 1975లో మానవ చర్మకణాలను పాత్రలో పెంచు పద్ధతిని ప్రకటించినాడు. 1983లో దేహం 95 శాతానికి పైగా కాలిన ఇద్దరు అన్నదమ్ములకు, మిగిలిన కొద్ది చర్మం నుండి పెంచిన పొరలతో ప్రాణాలు నిలిచినవి. ఒకరు పందిరిని, ఒకరు తీగను తెచ్చినారు. ఈ రెంటినీ కలుపు విద్యకు 1993లో రాబర్ట్ లాంగర్, జోసఫ్ వకాంటి వ్రాసిన వ్యాసంతో కణజాల నిర్మాణశాస్త్రమన్న పేరు లోకమంతట వ్యాపించినది.

పేద దేశాలలో ఈ విద్య వేళ్లూనుటకు రెండు అడ్డంకులు కలవు. పందిరి వెల మిక్కుటం, కణాలను పెంచు ప్రయోగశాల మరీ మిక్కుటం. మొదటి అడ్డంకిని గురించిన ఆలోచనయే పూరీ గేట్ ఆవలి ప్రయోగశాలలను స్థానిక వస్తువుల వైపు నడిపినది. సుభాష్ చంద్ర కుండూ, ఆయన శిష్యులు ఖరగ్‌పూరులో అడవి పట్టును చేపట్టినారు. మల్బరీ ఆకు తిని పెరిగే పట్టుపురుగును లోకమంతా ఎరుగును. మద్ది చెట్లపై బ్రతికే దసలి పురుగు మధ్యభారతపు అడవులలోనిది. తెలంగాణలో మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాలలో దసలి కాయలు ఏరి అమ్ముకొనుట అడవిని నమ్ముకొన్నవారికి ఒక జీవనోపాధి. ఈ పట్టులోని మాంసకృత్తులో, మన కణాలు సహజంగా పట్టుకొనే ఒక చిన్న అమైనో ఆమ్లాల వరుస ఉన్నది. మల్బరీ పట్టులో అది లేదు. అందుచేత దసలి పట్టుతో చేసిన పొరపై, జల్లెడ వంటి దిమ్మెపై కణాలు చక్కగా నిలువగలవు. దారంగా గాయాన్ని కుట్టిన పట్టే ఇక్కడ దారపు రూపం విడిచి పందిరి అయినది.

చేపపొలుసు కథ కూడ ఇటువంటిదే. పొలుసులోని గట్టిదనం సున్నపు లవణాలది, దాని క్రింది అల్లిక కొల్లాజన్‌ది. పశువుల కొల్లాజన్‌తో రోగాలు సంక్రమించునేమోనన్న భయం, మతపరమైన అభ్యంతరం రెండును ఉన్నవి. చేప కొల్లాజన్‌కు ఇవి రెండూ తక్కువ. కాని దానికి ఒక లోపం కలదు. చల్లని సముద్రాలలోని చేపల కొల్లాజన్ మన దేహపు వేడికి చాలా ముందే పేటలు విడి మెత్తని జిగురుగా మారిపోతుంది. మూడు పేటల తాడు విడిన పిదప అది పందిరికి పనికిరాదు. ఫల్గుణి పాతీ, బసుదాం అధికారి, శాంతను ధారా 2010లో శీలావతి, బొచ్చె చేపల పొలుసు నుండి తీసిన కొల్లాజన్ వేడికి అంతకంటె ఎక్కువగా ఓర్చగలదని ప్రకటించినారు. చేప బ్రతికే నీరు ఎంత వెచ్చనిదో, దాని కొల్లాజన్ అంత వేడిని ఓర్చును. వెచ్చని చెరువులలో పెరిగే చేపకు ప్రకృతి ఇచ్చిన గుణం మనుష్యునికి పనికివచ్చునన్న ఆశ అక్కడ కలిగినది. ఐనను దానికి తోలు శాస్త్రంలో వలెనే పోగులను బంధించి బలం చేకూర్చు పని మిగిలియుండెను.

రెండవ అడ్డంకికి, అనగా ప్రయోగశాల వెలకు, సమాధానం తెలుగుదేశపు కంటివైద్యంలో దొరికినది. కంటి నల్లగుడ్డును కప్పియున్న పారదర్శకమైన కార్నియా కూడ మెత్తని కణజాలమే. దాని పై పొర నిత్యం రాలుతూ, నిత్యం కొత్తది పుడుతూ ఉంటుంది. కొత్త కణాలను పుట్టించు మూలకణాలు నల్లగుడ్డు తెల్లగుడ్డుతో కలిసే సన్నని అంచులో ఉన్నవి. సున్నం కంటిలో పడినచో ఆ అంచు కాలిపోతుంది. తాంబూలానికి ఇంటింటా ఉంచుకొనే సున్నమే పిల్లల చేతిలో చిట్లి కన్నులు పోగొట్టుట ఈ దేశంలో కొత్త కాదు. ప్రయోగశాలలలోను, కర్మాగారాలలోను ఆమ్లం చిమ్మినను అంతే. అంచు కాలిన కంటికి ఇతరుల కార్నియా తెచ్చి అతికించినను నిలువదు. తీగ మొదలే ఎండినది కాబట్టి పందిరి మార్చినందువలన ప్రయోజనం లేదు.

హైదరాబాదులో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001 నుండి ఈ చిక్కుపై పని సాగినది. ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రిని, మికేలె దె లూకా 1997లోనే రోగి మంచికంటి అంచు నుండి మూలకణాలు తీసి పెంచి అతికించవచ్చునని చూపినారు. అక్కడి విధానంలో కణాలకు తోడుగా ఎలుక కణాలను వాడినారు. హైదరాబాదులో వీరేందర్ సాంగ్వాన్, గీతా వేముగంటి, వారి సహచరులు జంతు పదార్థాలు లేకుండ, రోగి స్వంత రక్తరసంతో కణాలను పెంచినారు. పందిరిగా వారు తీసుకొన్నది కాన్పులో మాయతో పాటు పారవేయబడే ఉమ్మనీటి సంచి పొర. ఆ పొరను గాయాలపై కప్పుట 1910లోనే అమెరికాలో ఆరంభమై, తరువాత మరుగునపడి, 1995 ప్రాంతంలో కంటివైద్యంలో తిరిగి వెలుగులోనికి వచ్చినది. ఆ సంస్థ 2011లో ప్రకటించిన పదేండ్ల ఫలితాలలో 200 మంది రోగులలో 142 మందికి, అనగా 71 శాతానికి, కంటి పై పొర నిలిచినది. తక్కిన 58 మందికి నిలువలేదు. ఈ రెండవ అంకెను కూడ దాచక ప్రకటించుట ఆ వ్యాసానికి గౌరవం.

ఆ పద్ధతికి శుచియైన ప్రయోగశాల, శిక్షితులు, పది పదునాలుగు రోజుల నిరీక్షణ కావలెను. జిల్లా కేంద్రంలోని వైద్యునికి ఇవి అందుబాటులో లేవు. 2012లో సాంగ్వాన్, సయన్ బసు, షీలా మెక్‌నీల్, డి. బాలసుబ్రమణియన్ ఒక సులభమైన మార్గాన్ని ప్రకటించినారు. మంచికంటి అంచు నుండి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దానిని ఎనిమిది పది చిన్న తునకలు చేసి, గాయపడిన కంటిపై పరచిన ఉమ్మనీటి సంచి పొర మీద నాటుట వారి మార్గం. నారును మడిలో పెంచి తెచ్చి నాటుటకు బదులు పొలంలోనే విత్తు వెదజల్లుట వంటిది ఇది. కణాలను పెంచు పని కన్నే చేసుకొంటుంది. మొదటి వ్యాసం ఆరుగురు రోగుల గురించినది మాత్రమే. తరువాత అనేక దేశాల వైద్యులు ఈ పద్ధతిని చేపట్టినారు. ఖరీదైనదానిని మరింత ఖరీదు చేయుటకంటె, చవుకచేయుట ఎంత కష్టమైన శాస్త్రమో దీనివలన తెలియును.

ఇంతవరకు చెప్పినది కార్నియా పై పొర సంగతి. దాని లోపలి దళమైన భాగం మచ్చపడినచో దానమిచ్చిన కన్నే శరణ్యం. దానంగా వచ్చిన కన్నులన్నియు అతికించుటకు పనికిరావు. పనికిరాని కార్నియాల గతి ఏమి? ఇక్కడ ఖరగ్‌పూరు దారి, హైదరాబాదు దారి కలిసినవి. చేపపొలుసు వ్యాసం వ్రాసిన ఫల్గుణి పాతీ తరువాత దక్షిణ కొరియాలో డాంగ్-వూ చో బృందంతో పనిచేసినాడు. కణజాలం నుండి కణాలను కడిగివేసి, మిగిలిన అల్లికను ద్రవంగా మార్చి, ముద్రణయంత్రంలో సిరావలె వాడు విధానాన్ని వారు 2014లో ప్రకటించినారు. కణాలు కడిగివేసినచో, దేహం పరాయిదని గుర్తించు వస్తువు చాలవరకు పోతుంది. మెదవర్ చూపిన అడ్డంకిని ఈ మార్గం ప్రక్కనుండి దాటినది. పాతీ పిదప హైదరాబాదు ఐ.ఐ.టి.లో ఆచార్యుడైనాడు. 2022 ఆగస్టులో ఆ విద్యాసంస్థ, నేత్రవైద్య సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కలిసి, మానవ కార్నియా అల్లికతోనే ముద్రించిన కార్నియాను కుందేలు కంటిలో అమర్చినట్లు ప్రకటించినవి.

కుందేలు కంటికి, మనిషి కంటికి మధ్య దూరం చాలా ఉన్నది. బోస్టన్ చర్మానికి 15 ఏండ్లు పట్టిన సంగతి ఇక్కడ మరువరాదు. పత్రికలలో వచ్చే ప్రతి ప్రకటనను చూచి, చూపు వచ్చినట్లే సంబరపడిన కుటుంబాలు, ఏండ్లు గడచిన కొలది, నిరాశపడుట సహజం. అందుచేత ఈ చరిత్రను విజయాల వరుసగా మాత్రమే చెప్పినచో అది రోగికి అన్యాయమౌతుంది. పందిరి వేయుట మనిషి చేతిలో ఉన్నది. తీగ పాకుట దేహం చేతిలో ఉన్నది. 200 మందిలో 58 మంది విషయంలో దేహం ఒప్పుకొనలేదు.

ఐనను ఈ కథలోని ముడిసరకులను వరుసగా చూచినచో ఒక సంగతి తేటపడుతుంది. చెట్టు నార, పశువుల తోలు, అడవి చెట్లపై దసలి కాయ, బజారు కాలువలో చేపపొలుసు, కాన్పు గదిలో పారవేసే పొర, అతికించుటకు పనికిరాదన్న కన్ను. వీటిలో చాలవరకు పారవేసినవి, లేదా చవుకైనవి. దేహం స్వయంగా మానగలదని నమ్మి, దానికి కొద్దికాలపు ఆధారం ఇచ్చి తొలగిపోవు వస్తువు కొరకు మనిషి వెదుకుతున్నంత కాలం, ఆ వెదుకులాట ఇటువంటి చోట్లకే వచ్చి చేరుతున్నది. పూరీ గేట్ మీదుగా పోవు జనంలో చేపలబుట్ట మోసేవారు ఉందురు, ఆవలి ప్రయోగశాలకు పోవు విద్యార్థులు ఉందురు. ఒకరు గీకి పారవేసినదానిని మరియొకరు ఎత్తి చూచినారు. ఆ చూపు ఫలితం ఇంకను రోగి కంటి వరకు చేరవలసియున్నది.